దేవుడు పంపిన తోలు లాగు: విలియం హంటింగ్టన్ పుస్తకాలు ఎక్కడ మొదలెట్టాలి?

పాతకాగితం
శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఈ విభాగంలో ఇదే నా మొదటి పోస్టు, తప్పులుంటే సర్దుకోండి.

నిద్ర పట్టని రాత్రుళ్ళు పాత ఇంగ్లీషు పుస్తకాల స్కాన్లు తిరగెయ్యడం నాకో రోగం. మొన్న అలా తిప్పుతుంటే ఒక ముఖపత్రం దగ్గర ఆగిపోయాను. రచయిత పేరు విలియం హంటింగ్టన్, పక్కన ఎస్.ఎస్. అని రెండక్షరాలు. ఇదేం డిగ్రీ, ఎప్పుడూ వినలేదే అని వెతికితే 'సిన్నర్ సేవ్డ్' అని తేలింది. రక్షణ దొరికిన పాపి. డి.డి. (వేదాంత డాక్టరేటు) కొనుక్కుందామంటే డబ్బు లేదు, ఎం.ఏ. తెచ్చుకుందామంటే చదువు లేదు, అందుకని ఎస్.ఎస్. పంచన చేరాను అని ఆయనే రాసుకున్నాడు. ఆ ఒక్క మాటకే పడిపోయాను.

మనిషి సంగతి: ఇంగ్లండులో క్రైస్తవ ప్రసంగీకుడు. 1745లో కెంట్ ప్రాంతంలో క్రాన్‌బ్రూక్ దగ్గర కటిక పేదింట్లో పుట్టాడు. అసలు ఇంటిపేరు హంట్. పాలేరు, తుపాకులు చేసేవాడి దగ్గర అప్రెంటిసు, రంపపు కోతపని, శవాల బండి తోలడం, తోటపని, చెప్పులు కుట్టడం, చివరికి థేమ్స్ డిట్టన్‌లో నది ఒడ్డున వారానికి పది షిల్లింగులకి బొగ్గు బస్తాలు మొయ్యడం. ఆ పనులన్నీ అయ్యాక 1782లో లండన్ చేరాడు. మరుసటేడు టిచ్‌ఫీల్డ్ వీధిలో సొంత ప్రార్థనాలయం 'ప్రావిడెన్స్ చాపెల్' తెరిచాడు. ఇక అక్కణ్ణుంచి చెప్పడం, రాయడం, అచ్చెయ్యడం, తిట్లు తినడం, తిరిగి తిట్టడం.

1811లో బెన్స్‌లీ అచ్చులో ఆయన రచనలు 20 సంపుటాలుగా వచ్చాయి. ఇరవై! నా ప్రశ్న ఇంతే: ఎవరైనా చదివారా? ఏది ముందు ముట్టుకోవాలి, ఏది ముట్టుకోకపోయినా ఫర్వాలేదు?


గోంగూరప్రియుడు
శుక్రవారం, రాత్రి 10:40

బొగ్గులు మోసినాయన 20 సంపుటాలు రాశాడా! నేను ఎం.టెక్. చేసి ఇరవై పేజీల ప్రాజెక్ట్ రిపోర్టుకి స్నేహితుడి కాళ్ళు పట్టుకున్నా.

అవునూ, ఈయన ఆ హంటింగ్డన్ కౌంటెస్ గారి బంధువా? ఆవిడ కూడా చాపెళ్ళు కట్టించింది కదా, మెథడిస్టు ఉద్యమం నడిపిన వెస్లీ కాలంలో?


పాతకాగితం
శుక్రవారం, రాత్రి 10:51

ఏ బంధుత్వమూ లేదండి. ఆవిడ సెలీనా, హంటింగ్'డన్'. ఈయన హంటింగ్'టన్'. అదీ పుట్టుకతో వచ్చింది కాదు. కుర్రతనంలో ఒక దర్జీ గారి అమ్మాయి ఈయన వల్ల తల్లయింది. పోషణ ఖర్చు కోసం ఊరి పెద్దలు వెంటపడతారని ఊరు దాటేశాడు. పాత పేరుతో దొరికిపోతానని హంట్‌కి 'ఇంగ్టన్' అని తోక తగిలించుకున్నాడు. ఈ భాగోతం ఎవరో శత్రువు బయటపెట్టింది కాదు, పేరెలా మారిందో తనే పుస్తకంలో రాసుకున్నాడు. తిరిగి జన్మించినవాణ్ణి కాబట్టి కొత్త పేరే నా అసలు పేరు అని వాదన.


ఎలీషమ్మ_మనవడు
శనివారం, ఉదయం 6:05

పాతకాగితం గారూ, వందనాలు. సరైన చోటికే వచ్చారు. నేను వేదాంత కళాశాల లైబ్రరీలో ఈయనతో రెండేళ్ళు కుస్తీ పట్టినవాణ్ణి. ఇరవై సంపుటాలూ చదివానని అబద్ధం చెప్పను, ఓ ఆరు చదివాను, మరో నాలుగు తిరగేశాను.

మొదట చదవాల్సింది రెండే. ఒకటి 'ప్రార్థనతో చేజిక్కించుకున్న పరలోక రాజ్యం', 1784. ఇది ఆత్మకథ. రెండోది దాని తర్వాత వచ్చిన 'దేవుడు పేదల సంరక్షకుడు, విశ్వాసపు బ్యాంకు'. జనం చిన్నగా 'బ్యాంక్ ఆఫ్ ఫెయిత్' అంటారు. ఈ రెండూ అయ్యాక కూడా ఆకలుంటే ఉత్తరాలు చదవండి. ఉత్తరాల్లో మనిషి మెత్తగా ఉంటాడు, చావు దగ్గరపడ్డవాళ్ళకీ దిగులుతో కుంగిపోయినవాళ్ళకీ రాసినవి చాలా ఉన్నాయి.

మిగతావి ఎక్కువ భాగం తగాదాలు. పేర్లు చూస్తేనే తెలుస్తుంది. 'ఆర్మినియన్ అస్థిపంజరం', అంటే ఎదుటి పక్షం సిద్ధాంతాన్ని కోసి ఎముకలు లెక్కపెట్టడం. 'క్షురకుడు, లేక తిమోతి ప్రీస్ట్‌లీకి గడ్డం గీకుట', ఇది 1792, ఆ ప్రీస్ట్‌లీ ఇంకో ప్రసంగీకుడు. 'దేవుని దిగంబర ధనుస్సు' అని ఇంకోటి. ఈ చివరిది నాకు ఒళ్ళు మండించింది. తనని ఎదిరించినవాళ్ళకి ఏయే కీడు జరిగిందో వరసగా రాసి, చూశారా దేవుడి బాణం అంటాడు. పేరు హబక్కూకు 3:9 నుంచి తీసుకున్నాడు, పోలిక బాగానే కుదిరింది, బుద్ధే కుదరలేదు.

కొత్తవాళ్ళ కోసం ఆ తగాదా ఏమిటో రెండు ముక్కల్లో. వెస్లీ గారి పక్షం 'రక్షణ అందరికీ తెరిచి ఉంది, పుచ్చుకోవడం మనిషి చేతిలో ఉంది' అంటుంది. వాళ్ళని ఆర్మినియన్లు అనేవారు, ఆర్మినియస్ అనే వేదాంతి పేరు మీద. హంటింగ్టన్ గట్టి కాల్విన్ మార్గం: దేవుడు ముందే ఎన్నుకున్నాడు, మన చేతిలో ఏమీ లేదు. అంతటితో ఆగితే ఆ కాలంలో చాలామందిలో ఒకడయ్యేవాడు. ఇంకో అడుగు వేసి, విశ్వాసికి బతుకు నియమం మోషే ధర్మశాస్త్రం కాదు, సువార్తే అన్నాడు. అంటే పది ఆజ్ఞలు గాలికొదిలేసినట్టేగా అని మిగతావాళ్ళు విరుచుకుపడ్డారు. 'యాంటినోమియన్', అంటే ధర్మశాస్త్రం అక్కర్లేదనేవాడు, అనే బిరుదు అలా అంటుకుంది. మరియా డి ఫ్లూరీ అని లండన్‌లో ఒక బాప్టిస్టు కవయిత్రి ఉండేది, 1791లో ఈయన యాంటినోమియనిజం ముసుగు లాగేస్తున్నానంటూ ఏకంగా పుస్తకమే రాసింది. ఆవిడకి అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే ఈయనతో కరపత్రాల యుద్ధం. ఒక ఆడమనిషి, అదీ చర్చిలో పదవి లేని మనిషి, ప్రసంగీకుణ్ణి సిద్ధాంతం దగ్గర అచ్చులో నిలదీసింది. వీలైతే ఆవిడవి కూడా చదవండి, ఒకవైపే వింటే తీర్పు సరిగా రాదు.


దర్జీ_కొడుకు
శనివారం, ఉదయం 9:30

అన్నా, సిద్ధాంతం నాకు ఎక్కదు గని, ఆ బ్యాంకు సంగతి చెప్పుండ్రి. టైటిల్ల లాగు అని పెట్టి లాగు ముచ్చటే ఎత్తకపాయె. మా నాయిన దర్జీ, నాకు గదే గావాలె.


పాతకాగితం
శనివారం, ఉదయం 11:18

హహ, టైటిల్ పెట్టి మర్చిపోయాను. చెప్తా తమ్ముడూ, ఇది నిదానంగా చెప్పాల్సిన కథ.

చుట్టుపక్కల ఊళ్ళలో ప్రసంగాలకి ఈయన మైళ్ళకి మైళ్ళు నడిచేవాడు. కాళ్ళు అరుగుతున్నాయి, గుర్రం కావాలని దేవుణ్ణి అడిగాడు. కొందరు మిత్రులు చందాలు వేసుకుని గుర్రం కొనిచ్చారు. బావుంది. వారమంతా దాని మీదే తిరుగుడు. దాంతో ఉన్న లాగు అరిగి చిరిగిపోయింది, అది స్వారీకి పనికొచ్చే రకం కాదు మరి. అప్పట్లో స్వారీ చేసేవాళ్ళు మోకాలి కిందకి వచ్చే తోలు లాగులు వేసుకునేవాళ్ళు. తోలుది అంటే ఖరీదు. అప్పు చెయ్యడం ఇష్టం లేదు, సరే, మళ్ళీ దేవుడికే అర్జీ.

ఇక్కడ ఆయన రాసే తీరు చూడాలి. 'ప్రభువా కరుణించు' అని గొంతు వణికించడు. ఇంట్లో సరుకులు అయిపోతే ఇల్లాలు చీటీ రాసినట్టు రాస్తాడు: లాగు చిరిగింది, తోలుది కావాలి, ఇదీ విషయం. చివరికి ఒక పని మీద లండన్ వెళ్ళి, షెపర్డ్స్ మార్కెట్ దగ్గర తెలిసిన చెప్పుల కొట్టాయన ఇంటికి వెళ్తాడు. ఆయన, అయ్యా, మీకోసం ఎవరో పొట్లం ఇచ్చి వెళ్ళారు అంటాడు. విప్పితే తోలు లాగు. లోపల చిన్న చీటీ: లాగు పంపుతున్నాను, సరిపోతుందనుకుంటున్నాను, ఎక్కడైనా సరిచెయ్యాల్సి వస్తే రాసి పెట్టండి, నాలుగు రోజుల్లో వచ్చి సరిచేస్తాను అని. కింద పొడి అక్షరాలు రెండే.

వేసుకున్నాడు. కొలత తీసి కుట్టినట్టు పట్టింది. లండన్‌లో ఏ లాగుల దర్జీ కూడా తన కొలత ఎన్నడూ తియ్యలేదు అంటాడు. జవాబు చీటీ ఏం రాశాడో తెలుసా? మా యజమాని మీ దగ్గర ఆర్డరిచ్చాడని తెలియక నేనే కుట్టించుకుందామని బయల్దేరాను, మీ మనసు కదిలించిన దేవుడే మీ చేత్తో కత్తెర నడిపించాడు, ఆయనకి నా సైజు తెలుసు, అయిదేళ్ళ నుంచీ నాకు బట్టలు ఆయనే ఇస్తున్నాడు. దాదాపు ఇదే ధోరణి.

ఇంత గంభీరంగా రాసిన ఉత్తరం చదివి నేను అర్ధరాత్రి గట్టిగా నవ్వితే మా ఆవిడ లేచి లైటు వేసింది.


దర్జీ_కొడుకు
శనివారం, మధ్యాహ్నం 12:02

అరే మస్తుంది అన్నా. కని ఒక్క మాట జెప్త. మా నాయిన దుకాణం ముందట నిలవడితె సాలు, మనిషి లోపటికి రాకముందే 'నడుము ముప్పైనాలుగు, పొడుగు నలభై' అంటుండె. టేపు పెట్టి సూస్తె అరంగుళం గూడ తేడ రాకపోవు. పనోని కండ్లే టేపు. గా లాగు కుట్టినాయన గుడిల ముందు బెంచీల కూసోని వారం వారం అయ్యగారిని సూస్తుండొచ్చు. గుర్రం దిగుతుంటే చిరుగు గూడ కనవడ్డదేమో. ఇగ దేవుడు సైజు చెప్పుడెందుకు?

ఇంకో ముచ్చట. 'సరిచెయ్యాల్నంటే రాసి పెట్టుండ్రి' అని చీటీ పెట్టిండు సూడు, గదీ అసలు దర్జీ. దేవుడు పంపిండని ఈయన అనుకుండు గని, ఫిట్టింగు మీద ఆయనకు అనుమానం ఉండె.


లెక్కలపంతులు
శనివారం, సాయంత్రం 5:45

దర్జీ_కొడుకు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. నేను దీన్ని ఇంకో వైపు నుంచి చూస్తాను. ఈ పుస్తకం పేరులోనే బ్యాంకు ఉంది. చదివినప్పుడు నాకు చిట్టా ఆవర్జా కనిపించింది: ఫలానా రోజు లోటు, ఫలానా రోజు జమ. జమ అయినచోట ఇచ్చినవాడి ఊరూ వృత్తీ, ఖాతాదారు మాత్రం దేవుడు. మన రామదాసు రాముడికి చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి లెక్కలడిగాడు చూడండి, ఈయన తిరగేసి, దేవుడి దగ్గర పుచ్చుకున్నవాటికి రసీదులు రాశాడు.

అయితే రసీదుల్ని అచ్చేసి అమ్మితే ఏమవుతుంది? చదివినవాళ్ళకి పాస్టరు గారు ఎలా బతుకుతున్నారో, ఆయనకి ఇవ్వడం ఎంత పుణ్యమో తెలుస్తుంది. ఇస్తారు. ఇచ్చినవి మళ్ళీ రెండో భాగంలో ఎక్కుతాయి. తర్వాత తర్వాత పొలానికి పశువులూ, రెండు గుర్రాల బండీ కూడా భక్తులే సమకూర్చారు. బండి మీద తన పొడి అక్షరాలు, పక్కనే ఎస్.ఎస్. రాయించుకున్నాడు. గుర్రాల కళ్ళ గంతల మీద కూడానట! 1808లో రెండో పెళ్ళి, లండన్ మేయరుగా చేసిన సర్ జేమ్స్ శాండర్సన్ గారి వితంతువుతో. 1810 జూలైలో టిచ్‌ఫీల్డ్ వీధి చాపెల్ కాలిపోతే ఏడాది తిరక్కుండా గ్రేస్ ఇన్ లేన్‌లో ఇంకా పెద్దది లేచింది, అదీ తన సొంత ఆస్తిగా రాయించుకున్నాడు. బస్తాలు మోసిన వీపుకి ఇదంతా బరువు కాలేదు మరి.

మోసం అనను. కానీ వ్యాపారం అనే మాట నోట్లో ఆడుతోంది.


ఎలీషమ్మ_మనవడు
శనివారం, రాత్రి 8:20

మాష్టారూ, మీ లెక్కలో ఒక కాలం తేడా ఉంది. లాగు వచ్చేనాటికి పుస్తకం లేదు. లాగే పుస్తకంలోకి వచ్చింది గానీ, పుస్తకం లాగుని తేలేదు. గుర్రం, లాగు, ఇవన్నీ ఎవరికీ పెద్దగా తెలియని రోజుల్లోవి. పిల్లలు పదముగ్గురు పుట్టి ఏడుగురే మిగిలిన ఇల్లు అది. ఆ ఇంట్లో రొట్టె రావడం, రాకపోవడం అలంకారం కాదు.

రెండో భాగం నుంచీ మీరన్నది నిజం కావచ్చు, అక్కడ నేను పట్టుబట్టను. ఒక ముక్క మాత్రం చెప్పాలి. మా అమ్మమ్మ ఎలీషమ్మ నర్సాపురం దగ్గర చిన్న సంఘంలో ఉండేది. ఇంట్లో బియ్యం నిండుకున్నరోజు 'ప్రభువుకి తెలుసు' అని పొయ్యి మీద ఎసరు పెట్టేసేది, బియ్యం లేకుండానే. పక్కింటి సత్తెమ్మగారు పొగ చూసి, డబ్బా చప్పుడు వినపడక, శేరు బియ్యం పట్టుకొచ్చేది. అమ్మమ్మ దేవుడికి స్తోత్రం చెప్పేది, సత్తెమ్మగారికి తర్వాత వంకాయలు పంపేది. ఇద్దరికీ అప్పు తీరేది. హంటింగ్టన్‌ని చదివినప్పుడల్లా నాకు ఆ ఎసరే గుర్తొస్తుంది. ఆయన పుస్తకంలో లోపమల్లా వంకాయలు లేకపోవడం.


లెక్కలపంతులు
శనివారం, రాత్రి 8:41

కాలం తేడా ఒప్పుకుంటున్నా. వంకాయల దగ్గర పూర్తిగా ఓడిపోయా.


గోంగూరప్రియుడు
శనివారం, రాత్రి 9:15

చెప్పుల కొట్టు అంటే గుర్తొచ్చింది. ఆ శతాబ్దంలోనే ఇంకో వింత ప్రసంగీకుడు, జాన్ హెన్లీ. 'ఆరేటర్ హెన్లీ' అనేవారు, 1756లో పోయాడు. ప్రసంగానికి షిల్లింగు టికెట్టు పెట్టేవాడు. ఒకసారి 'అతి తొందరగా బూట్లు తయారుచేసే రహస్యం చెప్తా' అని ప్రకటిస్తే లండన్ చెప్పులవాళ్ళంతా డబ్బు కట్టి వచ్చి కూర్చున్నారట. ఆయన లేచి, పొడుగు బూట్లు తీసుకుని పైభాగం కోసెయ్యండి, బూట్లు రెడీ అన్నాడట! ఈయన దగ్గర హంటింగ్టన్ పసిపిల్లాడు.


పర్యవేక్షకుడు
శనివారం, రాత్రి 9:22

గోంగూరప్రియుడు గారూ, హెన్లీకి వేరే దారం తెరవండి, నేనే మొదటి కామెంటు రాస్తా. ఇక్కడ హంటింగ్టన్ రచనల మీదే ఉందాం.


చిత్తుప్రతి
ఆదివారం, ఉదయం 7:50

నేను డీటీపీ పని చేస్తాను, కాబట్టి సరుకు గురించి కాకుండా సంచి గురించి చెప్తా.

పుస్తకం కాయితం మీద చదివితేగానీ నాకు తృప్తి ఉండదు. అడిగినప్పుడు అచ్చేసి పంపేవాళ్ళ దగ్గర 'బ్యాంక్ ఆఫ్ ఫెయిత్' తెప్పించుకున్నా. వచ్చినదాంట్లో కొన్ని పేజీలు రెండేసి సార్లు, కొన్ని అసలు లేవు. ఒక పేజీలో స్కాన్ చేసినవాళ్ళ బొటనవేలు వచ్చింది. వాపసు చేస్తానంటే మూల ప్రతి అలాగే ఉంది మేడం అన్నారు. బొటనవేలు కూడా మూలంలో ఉందా అని అడిగితే జవాబు లేదు. కొనకండి. ఉచిత స్కాన్లే నయం.

ఉచితంగా చదివేవాళ్ళకి ఇంకో గొయ్యి ఉంది. 1780ల నాటి అచ్చుల్లో పదం మొదట్లోనూ మధ్యలోనూ 'ఎస్' అక్షరం పొడుగ్గా, అచ్చం 'ఎఫ్' లాగే ఉంటుంది. కంప్యూటరుకి ఆ తేడా తెలీదు. అది అక్షరాలుగా మార్చిన పాఠంలో 'సిన్' కాస్తా 'ఫిన్' అయి కూర్చుంటుంది, పాపం పోయి చేప రెక్క వస్తుంది. 'సోల్' అనేది 'ఫౌల్' అవుతుంది. 'నా ఆత్మ మూలుగుచున్నది' అన్నచోట 'నా కంపు మూలుగుచున్నది' అని చదువుకున్నా మొదటిసారి. ఈయన పేజీకి పదిసార్లు పాపం గురించీ ఆత్మ గురించీ రాస్తాడు కాబట్టి మొత్తం పుస్తకం చేపల బజారులా తయారైంది.

మన పాత పుస్తకాల్లో అరసున్నకీ బండి ఱకీ కన్ను అలవాటు పడ్డట్టే దీనికీ ఒక పాతిక పేజీలకి పడుతుంది. అంత ఓపిక లేకపోతే పాతకాగితం గారు చెప్పిన 1811 సంపుటాలే తెరవండి. 1800 దాటాక లండన్ అచ్చుల్లో ఆ పొడుగు ఎస్ దాదాపు కనుమరుగైంది. కాయితం బొమ్మ చూస్తూ చదవండి, కంప్యూటరు మార్చిన పాఠం జోలికి పోకండి.

శైలి గురించి కూడా ఒక మాట. నేను రోజూ పదిమంది రచయితల వాక్యాలు దిద్దుతాను. ఈయన వాక్యం చదువుకున్నవాళ్ళ వాక్యం కాదు, నోటి వాక్యం. బైబిలు కంఠతా పట్టిన మనిషి కాబట్టి మధ్యమధ్యలో యెషయా, కీర్తనలు వాటంతటవే జారిపడతాయి. ఆ పక్కనే తోటపని మాట, బండివాడి తిట్టు. సన్‌బరీలో పెద్ద పియర్ చెట్టు కొమ్మలు కత్తిరిస్తుండగా వెలుగు కనపడి మనసు మారిన సంఘటన చూడండి. అంత అనుభవం అయ్యాక ఏం చేశాడంటే, పనిముట్ల కొట్టంలోకి పరిగెత్తి, నడుముకున్న నీలం ఏప్రన్ లాగి తలా మొహం కప్పుకున్నాడు. మంచి రచయితలం అనుకునేవాళ్ళు వెలుగు గురించి నాలుగు పేజీలు రాస్తారు, ఆ ఏప్రన్ వదిలేస్తారు.


పాతకాగితం
ఆదివారం, ఉదయం 8:30

చిత్తుప్రతి గారూ, ఆ చేప రెక్కల గొడవ నాకూ తగిలింది, ఏదో నీటి పురాణం అనుకున్నా! ఏప్రన్ మాటకి దండం.


లూయిస్‌_దగ్గర_తెలుగోడు
ఆదివారం, మధ్యాహ్నం 2:14

చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యా, ఈ దారం చూసి ఆగలేకపోయా. నేనుండేది బ్రైటన్‌లో. అక్కణ్ణుంచి రైల్లో పావుగంట దూరంలో లూయిస్ అనే ఊరు. హంటింగ్టన్ అక్కడే ఉన్నాడు. 1813 జూలై 1న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో పోయాడు, తెచ్చి లూయిస్‌లో జైరా చాపెల్ వెనక పాతిపెట్టారు. 1805లో కట్టిన చాపెల్. మన బైబిల్లో 'యెహోవా యీరే' అని ఉంటుంది చూడండి, అబ్రాహాముకి పొట్టేలు దొరికిన చోటు, ఆ యీరేనే ఇంగ్లీషులో జైరా. 'యెహోవా సమకూర్చును'. లాగు కథ విన్నాక ఆ పేరు ఇంకెవరికి నప్పుతుంది!

అక్కడి పాస్టరు జెంకిన్ జెంకిన్స్, వేల్స్ మనిషి. ఆయన పేరు పక్కనా రెండక్షరాలుండేవి: డబ్ల్యూ.ఏ. 'వెల్ష్ అంబాసడర్'. ఈ పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం హంటింగ్టనే.

నేను వెళ్ళింది నవంబరులో, సన్నటి వాన. ఊస్ నది వంతెన దాటి మాలింగ్ వీధిలో నడిస్తే వస్తుంది. తలుపు మూసి ఉంది. గొడుగు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకుని, చావుకి కొద్ది రోజుల ముందు ఆయన తన సమాధికి తనే చెప్పి రాయించుకున్న మాటలు ఫోన్లో చదువుకుంటూ నిలబడ్డా. నాకు తోచినట్టు తెలుగులో పెడుతున్నా:

'బొగ్గులు మోసినవాడు ఇక్కడున్నాడు. తన దేవుడికి ప్రియుడు, మనుషులకి రోతపుట్టినవాడు. ఆ మహా విచారణ నాడు సర్వమెరిగిన న్యాయాధిపతి ఈ మాట ఖాయం చేస్తాడు, అనేక వేలమంది తెల్లబోయేలా. ఎందుకంటే తమ మధ్య ఒక ప్రవక్త ఉండినాడని ఇంగ్లండూ దాని రాజధానీ తెలుసుకుంటాయి.'

వినయం అనే వస్తువు ఈయన బ్యాంకులో జమ అయినట్టు లేదు.


ఎలీషమ్మ_మనవడు
ఆదివారం, మధ్యాహ్నం 3:00

ఫొటో ఏదైనా ఉంటే పెట్టండన్నా. ఆ ఆఖరి మాట ఆయన సొంతం కాదు, యెహెజ్కేలు 2:5. తిరుగుబాటు చేసే జనం విన్నా వినకపోయినా, తమ మధ్య ఒక ప్రవక్త ఉన్నాడని తెలుసుకుంటారు అని. చావుబతుకుల్లో కూడా వాక్యం సరిగ్గానే ఎత్తాడు.


లెక్కలపంతులు
ఆదివారం, సాయంత్రం 6:10

ఇక్కడే ఒక మజా ఉంది. 1795లో రిచర్డ్ బ్రదర్స్ అనే మాజీ నౌకాదళ లెఫ్టినెంటు తాను ప్రవక్తననీ, దేవుడికి మేనల్లుడి వరసనీ, యూదుల్ని యెరూషలేముకి నడిపిస్తాననీ లండన్‌లో సంచలనం లేపాడు. ప్రభుత్వం ఆ మార్చిలో పట్టుకుని, చివరికి పిచ్చాసుపత్రిలో పెట్టింది. అప్పుడు 'పరీక్షకు నిలబడ్డ అబద్ధ ప్రవక్త' అని పుస్తకం రాసి, అతని జోస్యాలు ఒక్కొక్కటే కోసి చూపించింది ఎవరో కాదు, మన ఎస్.ఎస్. గారే. పద్దెనిమిదేళ్ళ తర్వాత తన రాయి మీద తనే ప్రవక్త! 20 సంపుటాల్లో నాకు వాదనగా గట్టిగా అనిపించిందల్లా ఆ బ్రదర్స్ మీద రాసిందే. పోటీ దుకాణం సరుకు లోపాలు వ్యాపారికే బాగా తెలుస్తాయేమో.

ఇంకో లెక్క. ఆయన పోయాక పెంటన్‌విల్‌లో ఇంటి సామాను వేలం వేశారు. ఒక మామూలు చేతుల కుర్చీ అరవై గినీలకి పోయింది. కళ్ళజోడు ఏడు గినీలు. గినీకి 21 షిల్లింగులు, కుర్చీ 1260 షిల్లింగులు. బొగ్గులు మోసినప్పుడు వారానికి పది షిల్లింగులు కదా, అంటే 126 వారాల కూలి. రెండేళ్ళ అయిదు నెలలు ఎడతెరిపి లేకుండా బస్తాలు మోస్తేగానీ తన కుర్చీ తను కొనుక్కోలేడు.

1821లో రాబర్ట్ సదీ, అప్పటి ఆస్థాన కవి, 'క్వార్టర్లీ రివ్యూ'లో ఈ రచనల మీద పొడుగాటి సమీక్ష రాశాడు. ఎక్కిరింపే ఎక్కువ. కానీ ఆస్థాన కవి అంతసేపు కూర్చుని చదివాడంటే పుస్తకంలో ఏదో పట్టి లాగిందనేగా?


చిత్తుప్రతి
ఆదివారం, సాయంత్రం 6:48

తోటి ప్రసంగీకుడు రోలండ్ హిల్ అయితే ఈయన పుస్తకం ఎవరో ఇస్తే పట్టకారుతో పట్టుకుని, పొయ్యి ముట్టించుకోమని పనిమనిషికిచ్చాడని చెప్పుకుంటారు. నాకు ఆ ప్రతి మీద దిగులు. అందులో బొటనవేళ్ళు కూడా లేవు.


పాతకాగితం
ఆదివారం, రాత్రి 9:05

అందరికీ చాలా థాంక్స్. నేననుకున్నది: ముందు ఆత్మకథ, తర్వాత 'బ్యాంకు', ఆపైన కొన్ని ఉత్తరాలు, మధ్యలో మార్పు కోసం బ్రదర్స్ మీద రాసింది. 'ధనుస్సు' జోలికి పోను. మరియా డి ఫ్లూరీ పుస్తకం స్కాన్ ఎవరికైనా దొరికితే లింకు పెట్టండి. హంటింగ్టన్ బొమ్మ చూడాలనుకునేవాళ్ళకి: లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో 1803 నాటి నూనెరంగుల చిత్రం ఉంది, పెల్లెగ్రీని వేసింది. ఎంత వెతికినా లాగు కనపడే బొమ్మ దొరకలేదు తమ్ముడూ, సారీ.


దర్జీ_కొడుకు
మంగళవారం, రాత్రి 11:37

అన్నా, నేను ఆత్మకథ ఇడిసిపెట్టి సీదా బ్యాంకే షురూ జేసిన. ఇంగ్లీషు మెల్లగ పోతున్నది. గిప్పుడే గుర్రం అచ్చింది. లాగు ఇంకా రాలే.